ఎంగిలి జల్లెడ

ఆ గబ్బు మీది. పుంగనూరు బజారువీధిలో గడపలకు పసుపు పూసుకుని, వంటింట్లోకి ఎవరు రావచ్చో ఎవరు రాకూడదో గీత గీసి పెట్టిన పెద్దిళ్ళ వాళ్ళారా, మీదే. మీరు తిన్నది, మీరు వదిలింది, మీరు మురగబెట్టింది. దాన్ని ఎత్తుకొచ్చి ఒక ఆడమనిషి ఒంటికి అంటగట్టారు. అంటగట్టి వీధి వీధంతా ముక్కు మూసుకున్నారు. ఇదా పెద్దరికం? సిగ్గుండాలి.

కథ ఎక్కడ మొదలైందో గుర్తు చేస్తాను. రాజేశ్వరమ్మ ఇంట్లో తిమ్మక్క చాలా ఏళ్ళుగా బోకులు తోముతోంది. గొర్రెలు మేపుకునే ఇంటి మనిషి. గంగవరం దిక్కు పల్లె నుంచి మొగుడు గురప్పతో వచ్చి ఊరి చివర గుడిసె వేసుకుంది. రాజేశ్వరమ్మ ఇంట్లో ఆమెకు పెరటి గట్టు దాకానే చోటు. నిరుడు రాజేశ్వరమ్మ కొడుకు మురళి బెంగళూరు నుంచి గిన్నెలు కడిగే మిషను తెచ్చి వంటింట్లో పెట్టించాడు. వీధి దానికి బోకుల మిషను అని పేరు పెట్టింది. అప్పటి నుంచి అన్నం తినే తట్టలు, గ్లాసులు మిషనుకు. మసిబట్టిన పెద్ద గిన్నెలు మాత్రం పెరట్లో తిమ్మక్కకు. కొన్నాళ్ళకు వంటింట్లో గబ్బు మొదలైంది. శ్రావణమాసం పేరంటానికి వచ్చిన ఆడవాళ్ళందరి ముందూ రాజేశ్వరమ్మ, "ఇది గొర్ల గబ్బు. దీని కొంగులోనుంచే వస్తాండాది" అని తిమ్మక్కను పెరటి వాకిలి నుంచి వెళ్ళగొట్టింది.

ఆ మాట ఆ ఇంట్లోనే ఉండిపోతే తిమ్మక్క ఇంకో ఇల్లు చూసుకునేది. ఉండలేదు. ఆమెకంటే ముందు బడి చేరింది. బజారువీధి బడిలో మధ్యాహ్న భోజనం వండే పనికి మహిళా సంఘం తిమ్మక్క పేరు చెప్పింది. ఆ పని దొరికితే ఆమె ఇకమీదట ఎవరి ఎంగిలీ తోమక్కర్లేదు. పొయ్యి ముందు గరిట పట్టుకుని నిలబడొచ్చు. తల్లులు అడ్డం తిరిగారు. గబ్బు మనిషి చేతి కూడు మా పిల్లలు తినరన్నారు. ఆ సంగతి తేల్చడానికే ఈ పొద్దు బడిలో మీటింగు.

తిమ్మక్క పోయింది. గబ్బు మాత్రం పోలేదు.

పోకపోగా ముదిరింది. రాజేశ్వరమ్మ మిషను తలుపు తెరిచి లోపల సాంబ్రాణి పొగ వేసింది. పొగ బయటికి పోకూడదని తలుపు బిగించింది. మరుసటి పూట అన్నం తట్టలో గుడి వాసన, మోరీ వాసన కలిసి కొట్టాయి. కర్పూరం బిళ్ళలు వేసింది. పసుపు నీళ్ళు పోసింది. లోపల తట్టలు సర్దే తెల్లటి బుట్టలు పచ్చబడ్డాయి, గబ్బు ఉన్నచోటనే ఉంది. దిష్టేమోనని మిషను పిడికి నిమ్మకాయా మిరపకాయలూ కట్టింది. కుంకుడుకాయల పొడి వేసి తిప్పితే నురగ తలుపు సందుల్లోంచి పొంగి వంటింటి గడప దాటింది. ఎవరూ నవ్వలేదు. కోడలు మాలతి గుడ్డ తెచ్చి ఆ నురగ తుడుస్తూ తలెత్తలేదు. అత్త ఆ వంచిన తలను చూసి, పాపం, కోడలికి ఎంత కష్టమొచ్చిందో అనుకుంది.

అది కష్టం కాదు. ఏమిటో ఈ పొద్దు బయటపడింది.

పొద్దున్నే మురళి మదనపల్లె టమోటా మండీకి వెళ్ళిపోయాడు. ముందరి అరుగు మీద ఎదురింటి పద్మావతి కాఫీ తాగుతోంది. బడి కమిటీకి ఆమే పెద్ద. మీటింగుకు వెళుతూ రాజేశ్వరమ్మ మాటేమిటో కనుక్కుని పోదామని ఆగింది. ఆ వీధిలో రాజేశ్వరమ్మ ఊ అంటే ఊ, ఊహూ అంటే ఊహూ.

పద్మావతి ఒక గుక్క తాగి, గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని, మళ్ళీ దూరం జరిపింది. "కాఫీ బాగుండాదక్కా. గ్లాసే ఏందో..."

"గోడలకు పట్టేసిండాది పద్మా. అన్నేండ్లు తిరిగె కదా ఆ తిమ్మక్క ఈడ."

"వంటింట్లోకి రానిస్తే కదక్కా నువ్వు?"

"రావల్లనా ఏమి? గాలికొస్తాది."

పద్మావతి ఆ గాలి సంగతి ఆలోచిస్తూ ఉండగానే తిమ్మక్క వచ్చింది. బజారు దిక్కు నుంచి, ముందరి వాకిట్లోకి వచ్చింది. తలకు పోసుకుని, ఉతికిన చీర కట్టుకుని ఉంది. మెట్టు ఎక్కింది. ఆ ఇంట్లో ఆమె ఏనాడూ ఎక్కని మెట్టు అది.

"ఏమే, పెరట్లో వాకిలి లేదా నీకు?" అంది రాజేశ్వరమ్మ.

"ఆ వాకిలి నువ్వే మూస్తివి కదమ్మా. దానికే ఇట్లొచ్చినా."

"ఏం కావల్ల?"

"ఏమొద్దు. వచ్చి నన్ను వాసన సూడు."

"ఏందీ?"

"వాసన సూడమంటాండా. దగ్గరికొచ్చి సూడు. పద్మమ్మా, నువ్వూ రా. ఆడ బడికాడ నా సంగతి చెప్పేటోళ్ళు ఇద్దురూ ఈడనే ఉండారు. నా ఎనకాల ముక్కులు మూసుకునే బదులు నా ముందరనే సూడండి. గబ్బుంటే గబ్బనండి. ఆ పని నాకొద్దని నేనే చెప్తా."

రాజేశ్వరమ్మ కొంగు సర్దుకుంది. "పొద్దున్నే ఇంటి ముందర రచ్చ చేసేదానికొచ్చినావా? గొర్లోళ్ళ ఇంట్లో గొర్ల వాసన లేదంటే ఎవురు నమ్ముతారే?"

"ఎవురు లేదనింది? మా ఇంటాయన దగ్గిర వస్తాది. గొర్లు మేపేటోని దగ్గిర సెంటు వాసనొస్తాదా? మురళప్ప చొక్కాలో కుళ్ళు టమోటా వాసన రాదా? మండీలో నుంచొస్తే ఆయప్పను పెరట్లోనే నిలబెడ్తాండావా నువ్వు?"

పద్మావతికి నవ్వొచ్చింది. రాజేశ్వరమ్మ చూపు చూసి దాన్ని కాఫీలో ముంచేసింది. అయినా లేచింది. లేచి, రెండడుగులు వేసి, తిమ్మక్క భుజం దగ్గర ముక్కు పెట్టింది. పెట్టాక ఆమెకే సిగ్గేసింది. సాటి ఆడమనిషిని సంతలో సరుకు చూసినట్టు చూడటం ఏమిటని ఆ క్షణాన తోచింది. ముందే తోచి ఉంటే బాగుండేది.

"సీకాయ వాసనక్కా," అంది గొంతు తగ్గించి.

సరిగ్గా అప్పుడే లోపల మాలతి గ్లాసుల కోసం మిషను తలుపు తెరిచింది. గబ్బు నడవాలోంచి నడిచి అరుగు మీదికి వచ్చింది. పద్మావతి చెయ్యి తనకు తెలియకుండానే ముక్కు మీదికి పోయింది. రాజేశ్వరమ్మ కదల్లేదు, కానీ ఊపిరి బిగబట్టడం కనబడింది.

"ఇదేనా మీరు చెప్పే గొర్ల గబ్బు?" తిమ్మక్క చెయ్యి చాచి లోపలికి చూపించింది. "నేను ఈడుండా. నా ఎనక బజారుండాది. గాలి మీ ఇంట్లోనుంచి వస్తాండాది. ఇప్పుడు చెప్పమ్మా, ఇది ఎవురి కొంగులోది?"

"మాలతీ! ఏం తెరిచినావే?" అని అత్త అరిచింది.

మాలతి రెండు గ్లాసులతో తలుపు దగ్గరికి వచ్చి తిమ్మక్కను చూసింది. చూసి అక్కడే ఆగిపోయింది.

మాలతికి ఆ గబ్బు ఎక్కడిదో తెలుసు. మొదటి నుంచీ తెలుసు.

మిషను బిగించిన రోజు మదనపల్లె నుంచి మునిరాజు అనే మెకానిక్కు వచ్చాడు. కింది బుట్ట బయటికి లాగి, అడుగున ఉన్న గుండ్రటి జల్లెడను తిప్పి ఎత్తి చూపించాడు. "ఇది వారానికోసారి తీసి బ్రష్షుతో కడగాలమ్మా," అన్నాడు. రాజేశ్వరమ్మ వంగి చూసింది. "దాంట్లో ఏముంటాదప్పా?" "తట్టల్లో మిగిలిందంతా ఆడికే వస్తాది." "ఎవురిది?" "అందురిదీ." రాజేశ్వరమ్మ రెండడుగులు వెనక్కి వేసింది. "రామ రామ! నా కోడలు అందురి ఎంగిల్లో చెయ్యి పెట్టల్లనా? చెయ్యి పెట్టకూడదనే కదప్పా ఇది తెచ్చింది!" అనేసి, కొత్త మిషను అయినా చూసినందుకే కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళిపోయింది.

మిగిలిన మాటలు మాలతి ఒక్కతే విన్నది. తట్టల్లో మెతుకులు దులిపేసి పెట్టాలి. తలుపు చుట్టూ ఉన్న రబ్బరు మడతలో జిడ్డు పేరుకుంటుంది, తడిగుడ్డతో తుడవాలి. పని అయ్యాక తలుపు కాస్త వారగా వదలాలి, లేకుంటే తేమకు ముక్కిపోతుంది. అప్పుడప్పుడు నిమ్మ ఉప్పు వేసి ఖాళీ మిషనును వేడినీళ్ళతో ఒకసారి తిప్పాలి. "జల్లెడ కడక్కపోతే ఎలకలు సచ్చినట్ల గబ్బు కొడతాదమ్మా," అని కూడా మునిరాజు చెప్పాడు.

మాలతి తల ఊపింది. ఒక్కటీ చెయ్యలేదు. ఆ ఇంట్లో ఎంగిలి ముట్టడానికి సిద్ధపడే చెయ్యి ఒక్కటే, తిమ్మక్కది. దానికి వంటింట్లోకి రావడానికి లేదు. వంటింట్లో ఉన్న చేతులు ఎంగిలి ముట్టవు. ఆ రెంటి మధ్యన జల్లెడ మురిగింది. ఇంతే, ఇందులో దయ్యమూ లేదు, దిష్టీ లేదు.

మరి మాలతి నోరెందుకు విప్పలేదు? అత్తకు భయపడి అనుకుంటే సగమే. మాలతిది కుప్పం. నాన్నకు రైల్వే స్టేషను దగ్గర భోజనం హోటలు. పనివాళ్ళు రాని రోజుల్లో, అంటే దాదాపు రోజూ, బడి నుంచి వచ్చి లంగా పైకి దోపుకుని గిరాకీల ఎంగిలి తట్టలు కడిగింది మాలతే. మదనపల్లెలో పెళ్ళిమాటలప్పుడు నాన్న, "హోటల్లో అన్నిటికీ మనుషులుండారు, మా పాప తట్ట కూడా ఎత్తదు," అని గొప్పలు పోయాడు. ఆ గొప్ప మోసుకుని ఆమె పుంగనూరు వచ్చింది. ఆ జల్లెడ తీసి నాలుగు రుద్దులు రుద్ది కడిగితే, ఆ చెయ్యి ఎక్కడ నేర్చిందో అత్త కనిపెట్టేస్తుంది. అందుకని మూసుకుంది. చేతులు దాచుకుంది, నోరు మూసుకుంది, పేరంటం రోజు తిమ్మక్కను వెళ్ళగొడుతుంటే తలుపు వెనక నిలబడి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

ఇప్పుడు తిమ్మక్క ఆమెను ఏమీ అడగలేదు. ఊరికే చూసింది. తిట్టి ఉంటే మాలతి తట్టుకునేది.

మాలతి గ్లాసులు గడప మీద పెట్టేసి లోపలికి వెళ్ళింది. బుట్ట లాగిన చప్పుడైంది. ఏదో తిప్పిన చప్పుడైంది. తిరిగి వచ్చేటప్పటికి ఆమె రెండు చేతుల్లో స్టీలు తట్ట, తట్టలో జల్లెడ. కుడిచెయ్యి మణికట్టు దాకా జిగురు. అరుగు మీద, అత్త కాళ్ళ ముందు పెట్టింది.

ఏముంది అందులో? రాగిసంగటి ఒకప్పుడు సంగటి అని చెబితే తప్ప తెలియనంతగా బంక అయి ఉంది. దాంట్లో మురళి ఏరి పక్కన పెట్టే కరేపాకు. రాజేశ్వరమ్మ నమిలి వదిలే మునక్కాయ పిప్పి. మాలతి వదిలే ఎండుమిరప తొక్కలు. చింతగింజలు. వాటన్నిటి మీదా బూజు, బూజు మీద పసుపు, పసుపులో నానిన సాంబ్రాణి గుండ. ఇంటిల్లిపాదీ ఒక్క తట్టలో ఉన్నారు.

పద్మావతి అరుగు దిగి వాకిట్లోకి పోయింది. బజార్లో సైకిలు మీద పోయేవాడు కాలు ఆనించి ఆగాడు.

"లోపలికి తీస్కపోవే! వీధి చూస్తాండాది!" రాజేశ్వరమ్మ గొంతు కీచుగా వచ్చింది.

"చూడనీ అత్తా. గబ్బు దీంట్లోది. నాకు తెలుసు."

"ఏం తెలుసు నీకు?"

"మెకానిక్కు చెప్పిపోయినాడు. కడక్కపోతే ఇట్ల అవుతాదని చెప్పినాడు. నువ్వు పెరట్లోకి పోయుంటివి. నేను విన్నాను. వినీ ఊరికే ఉన్నాను."

"యాల చెప్పలేదు? ఎందుకు దాస్తివి?"

మాలతి కుడిచెయ్యి చూపించింది. "ఈ చెయ్యి దాచుకునేదానికి. కుప్పంలో మా హోటల్లో ఊరోళ్ళ ఎంగిలి కడిగిందత్తా ఈ చెయ్యి. మా నాయన మీకు అబద్ధం చెప్పినాడు. ఆ అబద్ధం నిలబడాలని తిమ్మక్కను పోనిచ్చినా."

రాజేశ్వరమ్మ అరుగు మీద కూలబడింది. కోడలు ఎంగిలి కడిగిందన్నదే ఆమె చెవికెక్కింది. తిమ్మక్క సంగతి అసలు ఎక్కినట్టే లేదు. ఇదీ మన పెద్దింటి చెవి.

ఎక్కవలసిన వాళ్ళకు ఎక్కింది. తిమ్మక్క ఒక్కో మాటా నమిలినట్టు అడిగింది. "నీకు తెల్సునా?"

"తెలుసు తిమ్మక్కా."

"పేరంటం పొద్దే తెల్సునా?"

మాలతి తల ఊపింది.

"ఆ పొద్దు ఈయమ్మ ఏమేమో అనింది. అవి నాకు తగల్లేదు పాపా. ఈయమ్మ నోరు నాకు ఎన్నేండ్లనుంచో తెల్సు. నువ్వు తలుపు ఎనకాల నిలబడి కొంగు ముక్కుకు పెట్టుకుంటివి సూడు, అది తగిలింది. ఈ పాప మంచిదే, ఈ పాపే ముక్కు మూసుకుంటాండాదంటే నా దగ్గిర నిజంగానే గబ్బుండాదేమో అనుకుంటి. గుడిసెకు పొయ్యి రోజూ తలకు పోసుకుంటి. మా ఇంటాయన పక్కన పండుకునేదానికి కూడా సిగ్గుపడితి. నన్ను నేనే వాసన సూసుకుంటా ఉంటినే... నీకు తెల్సునా!"

మాలతి మెట్టు మీద కూర్చుండిపోయింది. ఏడ్చింది. ఏడుపు మధ్యలో, "తప్పయిపోయింది తిమ్మక్కా. రేపట్నుంచి పనికి రా. వంటింట్లోకే రా. ఎవురడ్డమొస్తారో నేను చూస్తాను," అంది.

"మీ ఇంట్లో పని నాకొద్దు. మీ వంటిల్లూ వొద్దు." తిమ్మక్క గొంతు పెరగలేదు. "పిల్లోళ్ళకు కూడొండే పని కావల్ల నాకు. అది ఈ ఇంటి మాటతో పోతాండాది. ఆ మాట ఎనక్కి తీస్కోండి."

వాకిట్లోంచి పద్మావతి అంది, "నేను చెప్తాలే తిమ్మక్కా. మీటింగులో అందురికీ చెప్తా, గబ్బు నీది కాదని. పోదాం పా, టైమాయె."

"నువ్వు చెప్తే పద్మమ్మకు జాలెక్కువ అంటారు. పేరంటం పొద్దు నువ్వూ ముక్కు మూసుకున్నోళ్ళల్లోనే ఉంటివి కదమ్మా."

పద్మావతి నేల చూసింది.

మాలతి కళ్ళు తుడుచుకుని లేచింది. తట్ట ఎత్తుకుంది. "నేనొస్తా. దీన్ని చూపిస్తా."

అప్పుడు రాజేశ్వరమ్మకు నోరొచ్చింది. "ఆ తట్టతో మెట్టు దిగినావంటే మళ్ళీ ఈ మెట్టెక్కే పని లేదు. అట్నుంచటే కుప్పం బస్సెక్కు. మురళికి నేను చెప్పుకుంటా."

మాలతి ఒక కాలు కింది మెట్టు మీద, ఒక కాలు పై మెట్టు మీద పెట్టి ఆగింది. సైకిలు వాడి పక్కన ఇంకో ఇద్దరు చేరారు. తట్టలోంచి నీళ్ళు ఆమె చీర మీద కారుతున్నాయి.

తిమ్మక్క రెండు చేతులు చాచి తట్ట అందుకుంది. వీధిలోకి తిరగలేదు. తీసుకెళ్ళి తిరిగి అరుగు మీద, రాజేశ్వరమ్మ ఒళ్ళో పెట్టినంత దగ్గరగా పెట్టింది.

"ఈ పాప మొయ్యల్లంటే మోసుకోనీ, తర్వాత. దీని చెయ్యికి ఎట్లాగూ ఎంగిలి అంటుకోనుండాది. గొర్ల గబ్బనింది ఈ పాప కాదు. నువ్వు. పేరంటంలో అందురూ ఇనేటట్ల అంటివి. ఈ పొద్దు ఆ ఆడోళ్ళే ఆడ బడిలో కూర్చోనుండారు."

"నన్నా? ఎంగిలి మొయ్యమంటాండావా నన్ను?"

"నీ ఎంగిలే కదమ్మా. మునక్కాయ పిప్పి ఎవురిది? నీది నువ్వు మోస్తే తప్పేముండాది? ఇంతకాలం నేను మోస్తి." తిమ్మక్క పక్కకు జరిగి మెట్లకు దారి వదిలింది. "లెయ్యి. రెండు చేతులా ఎత్తు. బజారు నడిమధ్యలో నడు, సందుల్లో పోవద్దు. బడిలో ఆ తల్లులందురి ముందర దీన్ని పెట్టు. 'ఈ గబ్బు మా ఇంటిది, తిమ్మక్కది కాదు, నేను అబద్ధం చెప్పినా' అను. నా మొగం సూసి అను. ఈ మధ్యాన్నం పిల్లోళ్ళకు ఎసరు నేను పెట్టల్ల. రేపు, ఎల్లుండంటే ఒప్పుకోను. ఆడ మీటింగు మొదలైపోతాండాది. లెయ్యమ్మా. ఎత్తు."